అక్కన్నపేట బస్సుకు ఎదురుగా పోయిన స్పేరు బండి

రెండు వేల పదకొండు, ఫిబ్రవరి. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా రహదారులు దిగ్బంధమవుతున్న దినాలు. సిద్దిపేటలో బస్సులను నడిపించే కంట్రోలర్ భూపతి బల్లమీదికి కంప్యూటరు వచ్చి అప్పటికి వారమే. బస్సుల్లో అమర్చిన పరికరాలు తమ స్థానాన్ని తెలుపుతుంటే, అది వాటిని పటంపై చుక్కలుగా చూపి, ఏ బండిని ఎటు పంపితే మేలో సలహా చెప్పేది. నడిచే బండికి పచ్చచుక్క, నిలిచినదానికి ఎర్రచుక్క. ఆ విద్య నేర్పడానికి హైదరాబాదు నుండి వచ్చిన ఇంజనీరు ప్రసూన అతని పక్కనే కూర్చున్నది.

పదకొండు యాభైకి అక్కన్నపేట నుండి వస్తున్న బస్సు పదహారు కిలోమీటర్ల దూరాన ఎర్రబడింది. ఇరవై నిమిషాలైనా కదలలేదు. కండక్టరు ఫోను కలవలేదు. "బండి చెడిపోయినది. స్పేరు బండిని పంపవలెను" అన్న అక్షరాలు తెరపై వెలిగాయి. మిగిలిన ఒకే ఒక్క స్పేరు బండిని భూపతి డ్రైవరు అజ్మత్‌తో పంపించాడు. ఒంటిగంట కాకముందే అదీ అక్కడే ఎర్రబడింది, అజ్మత్ ఫోనూ కలవలేదు. యంత్రం ఏమాత్రం తొట్రుపడక, ఇంకొక బండిని పంపవలెనని సెలవిచ్చింది.

"ఇగ నేనే నడుచుకుంట పోవాలె బిడ్డా" అన్నాడు భూపతి.

అంతలో కండక్టరు అంజమ్మ ఫోను కలిసింది. "బండి మంచిగనే ఉన్నది సార్! వంటావార్పు పెట్టిన్రు. రోడ్డు నడుమ పొయ్యిలు, వంట గంజులు. అందరు తిని లేసేవరకు మూడైతది."

రహదారి మీదనే వండుకొని, అక్కడే పంక్తిలో కూర్చొని తిని నిరసన తెలిపే పద్ధతి అది. నిలిచిన బండి అంటే చెడిన బండి అనే తప్ప, బువ్వ కోసం ఆగిన బండి ఉంటుందని యంత్రానికెవ్వరూ చెప్పలేదు.

ఫోను మరొకరి చేతికి మారింది. "సార్, నేను తహూరా. ఇంటర్ పిల్లలం ఆరుగురం ఉన్నం. రెండు గంటలకు సిద్దిపేటల కెమిస్ట్రీ ప్రాక్టికల్. గేటు మూస్తే మా ఏడాది పోతది సార్!"

గడియారంలో ఒంటిగంట పది. భూపతి తెరమీదికి వంగాడు. రెండు ఎర్రచుక్కలు ముఖాముఖి నిలిచి ఉన్నాయి.

"ఈ రెంటికి నడుమ ఎంత దూరం బిడ్డా?"

ప్రసూన మీట నొక్కింది. "రెండు వందల మీటర్లు సార్."

భూపతి బల్ల చరిచాడు. "నర్సింహస్వామీ! తప్పు జేసి పంపిన బండి, సరిగ్గ నిలవాల్సిన కాడనే నిలిచింది! వాళ్ళు చక్రాలను ఆపుతరు గని కాళ్ళను ఆపరు. అంజమ్మా, పిల్లలను పొయ్యిలు దాటించి అజ్మత్ బండెక్కియ్యి!"

ప్రసూన అప్పటికే రెండో ఫోనులో అజ్మత్‌ను అందుకొని, బండి తిప్పమని చెప్పి, స్పీకరు పెట్టింది. "తిప్పుడెట్ల సార్?" అంటున్నాడతడు. "ఎనుక నాలుగు లారీలున్నయ్. డ్రైవర్లందరు ఇస్తారాకులు ముందర వేసుకొని కూసున్రు!"

ఇటు అంజమ్మ కేక. "సార్, ఈడ వంటల పెద్ద పోశమ్మ గంటె అడ్డం పెట్టింది! ఉద్యమం బువ్వ తినకుంట కదలనియ్యనంటున్నది!"

"ఫోను ఆమెకియ్యి. అక్కా, పిల్లలకు పరీక్ష ఉన్నది!"

"గా మాట ముందుగాల చెప్పద్దా అన్నా!" పోశమ్మ గొంతు గదినిండా మోగింది. "పిల్లలు సదువకపోతె రాష్ట్రం తెచ్చి ఎవలికిస్తం? చేతులల్ల ముద్దలు పెడుత, తినుకుంట ఉరుకున్రి! ఓ లారీలోళ్ళూ, లేవున్రి! బండి ఎనుకకు తీసినోనికే బువ్వ!"

ఒంటిగంట ఇరవై ఆరు. ఒక చుక్క పచ్చబడింది. "కదిలింది సార్!" అని ప్రసూన కుర్చీలోనుండి లేచి నిలబడింది. చుక్క మలుపు తిరిగింది, కల్వర్టు దాటింది, ఊరి పొలిమేర తాకింది. బస్టాండుకు మళ్ళవలసిన చోట మళ్ళక, కళాశాల వైపు సాగింది. యంత్రం కూతపెట్టింది. "బండి దారి తప్పినది. వెనుకకు రప్పించవలెనా?"

ప్రసూన అతనివైపు చూసింది.

"వద్దని కొట్టు బిడ్డా. అరిస్తె అరవనియ్యి."

ఆమె కొట్టింది. ఒంటిగంట యాభై నాలుగుకు ఫోను మ్రోగింది. అజ్మత్ రొప్పుతున్నాడు.

"ఆరుగురు లోపటికి ఉరికిన్రు సార్! తహూరా చేతికి పప్పన్నం అట్లనే ఉండె. గేటుకాడ వాచ్‌మనే చెంబుతోని నీళ్ళు పోసి పంపిండు!"