ఎండ తిరిగిన రోజు టీ

పొద్దున లేస్తూనే కర్టెన్లమ్మ చేసే మొదటి పని పడమటి కిటికీ అద్దాలు తుడవడం. ఆ తర్వాతే పాల గిన్నె పొయ్యి ఎక్కేది, ఆ తర్వాతే కుట్టుమిషను చక్రం తిరిగేది. ఊళ్ళో సగం కిటికీలకి కర్టెన్లు కుట్టి ఆ పేరు తెచ్చుకున్న మనిషి, సొంత కిటికీకి మాత్రం చేతిరుమాలంత గుడ్డ కట్టలేదు. కొత్తవాళ్ళెవరైనా చూసి నవ్వబోతే గుండీల కొట్టావిడ అందుకునేది. "కర్టెను కడితే అబ్బాయి ఎలా వస్తాడండీ?" అనేది. అంతటితో ఆ మాట ముగిసిపోయేది.

అబ్బాయి అంటే కర్టెన్లమ్మ ఒక్కగానొక్క కొడుకు. షాపులకి బోర్డులు రాసేవాడు. మూడేళ్ళ కిందట ఒక బోర్డు సగంలో ఉండగా నిచ్చెన మీంచి పడ్డాడు, ఇక లేవలేదు. ఆ ఏడు చలికాలమంతా ఆ ఇంట్లో దీపం పెట్టినా చీకటిగానే ఉండేది. చలి విరిగి, ఎండ ఎదురింటి డాబా దాటి కిటికీలోంచి మొదటిసారి లోపలికి వచ్చిన మధ్యాహ్నం, ఎదురుగోడ మీద అతని కుర్చీ నీడ పడింది. కుర్చీలో ఎవరూ లేరు. గోడ మీది కుర్చీలో మాత్రం అతను కూర్చుని ఉన్నాడు, కాలు మీద కాలు వేసుకుని, ఎప్పట్లాగే కాస్త ముందుకి వంగి. అత్తాకోడళ్ళిద్దరూ కాసేపు అలాగే చూశారు. తర్వాత కోడలు లేచి వెళ్ళి, మూడు కప్పుల టీ పెట్టి తీసుకొచ్చింది.

అప్పట్నించీ ఏటా ఎండ తిరిగిన మొదటి రోజున ఆ ఇంట్లో ఇరుగుపొరుగుకి టీ. ఆర్భాటమేమీ లేదు. టీ, బిస్కెట్లు, వెన్న రాసిన బ్రెడ్డు ముక్కలు, అంతే. వచ్చినవాళ్ళు గోడకేసి "బాగున్నావా అబ్బాయ్" అని ఓ మాట అనేసి, కూర్చుని, ధరల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకునేవారు. నీడ వింటున్నట్టు తల తిప్పేది. కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టిన కప్పు కదిలేది కాదు, దాని నీడని మాత్రం అతను ఎత్తి తాగేవాడు. చల్లారిన ఆ టీ తర్వాత కర్టెన్లమ్మ తాగేది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కారు. ఎవరూ పెట్టని కట్టుబాటు అది, అయినా అందరూ పాటించారు. ఎదురింటి డ్రాయింగు మాస్టారు డాబా మీద గది వేయించుకోవాలనుకున్నప్పుడు, టేపు పట్టుకుని ముందు ఇక్కడికే వచ్చాడు. "అమ్మా, ఇంత ఎత్తు లేపితే అబ్బాయికి అడ్డం వస్తుందా?" అని అడిగాడు. వస్తుందని తేలింది. పాపం, ఆయన గది వెనకవైపు వేయించుకున్నాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. నీడ కర్టెన్లమ్మ కోసం వచ్చేది కాదు. కోడలి కోసం వచ్చేది.

కోడలు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. ఎండ ఎంత కాసినా, ఆమె గడప దాటి లోపలికి వచ్చేదాకా గోడ మీది కుర్చీ ఖాళీగానే ఉండేది. తమ్ముడి పెళ్ళికని ఆమె పుట్టింటికి వెళ్ళినన్నాళ్ళూ కర్టెన్లమ్మ బోసి గోడని చూస్తూ గడిపింది. అక్కడ, వాళ్ళ వంటింటి గోడ మీద, నీళ్ళ బిందె పక్కన అతను కూర్చున్నాడని కబురొచ్చింది. "మొగుడు కదా, పెళ్ళాం వెంటే ఉంటాడు" అంది గుండీల కొట్టావిడ. న్యాయమైన మాటే. కానీ కర్టెన్లమ్మకి అది సూదిలా దిగింది. మోసిందీ కన్నదీ తను, వాడు మాత్రం పోయాక కూడా పెళ్ళాం కొంగు వదల్లేదు.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఈ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు, ఇద్దరూ బాగానే ఉన్నారు. ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు, ఒకరి కంచంలో మిగిలింది ఇంకొకరు తినేవారు. కానీ కోడలు రావడం కొంచెం ఆలస్యమైతే చాలు, కర్టెన్లమ్మ వీధి గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరిగేది. అది కోడలి మీద బెంగో నీడ మీద బెంగో ఆవిడకే తెలిసేది కాదు. ఇక ఎండ ఉన్న మధ్యాహ్నాల్లో ఆవిడ తనుగా ఇల్లు కదిలి ఎరగదు. పెళ్ళిళ్ళు పోయాయి, పరామర్శలు పోయాయి. గోడకి కాపలా కాసింది.

ఈ ఏడు చలి ఇంకా విరగకముందే గుండీల కొట్టావిడ ఒక కబురు మోసుకొచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా చెప్పుకుంటుంది. అలాంటిది, ఆ రోజు చాలాసేపు నీళ్ళు నమిలింది.

"వదినా, నువ్వు మరోలా అనుకోనంటే ఒక మాట. తాళాలాయన లేడూ, కళ్ళద్దాల షాపు షట్టరు బాగుచేసినాయన, నీ కోడల్ని చేసుకుంటానని అడిగాడట."

కర్టెన్లమ్మ మిషను ఆపలేదు. "ఏమందిట?"

"కుదరదందిట."

"ఏం, మనిషి మంచివాడు కాదా?"

"మంచివాడేనట. దానికీ ఇష్టంలాగే ఉంది. గుండీలు కొనడానికి వచ్చి, నా దగ్గర కూర్చుని ఏడ్చింది. 'నేను వెళ్తే ఆయన నీడ కూడా నాతో వచ్చేస్తుంది పిన్నీ, అత్తయ్యకి ఉత్త గోడ మిగులుతుంది' అంది. నీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఏం చెయ్యను, చెప్పకపోతే నాకు కడుపుబ్బిపోయేలా ఉంది."

అప్పుడు మిషను ఆగింది. చూసుకుంటే కుట్టు బట్ట అంచు దాటి ఎటో పోయింది. కర్టెన్లమ్మ ఆ కుట్టంతా విప్పుతూ కూర్చుంది. ఆవిడకి సిగ్గేసింది, సిగ్గు వెనకే భయమూ వేసింది. వెళ్ళమంటే కొడుకు రెండోసారి పోతాడు. ఉండమంటే కోడలు బతికుండగానే గోడకి అతుక్కుపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుట్టు విప్పడం పూర్తయ్యాక శాలువా కప్పుకుని నేరుగా తాళాల కొట్టుకి వెళ్ళింది.

తాళాలాయన తాళంచెవి ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

"ఎండ తిరిగిన రోజు మా ఇంట్లో టీ. రండి" అంది.

"నేనా అమ్మగారూ?"

"మీరే. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని రండి."

పిలిచింది నిజమే, మనస్ఫూర్తిగానే పిలిచింది. కానీ మనసుకి ఒక మూలే ఉండదు కదా. అబ్బాయే అతన్ని వెళ్ళగొడితే బాగుండునన్న ఆశ ఇంకో మూలలో కూర్చుని ఉంది. అప్పుడు కోడలూ ఉంటుంది, నీడా ఉంటుంది, పాపం తనది కాదు. పాము చావదు, కర్ర విరగదు. ఆ ఆశని ఆవిడ తరమలేదు.

ఎండ తిరిగింది. కర్టెన్లమ్మ రెండుసార్లు కిటికీ తుడిచింది, కప్పులు కడిగి బోర్లించింది, బ్రెడ్డుకి వెన్న రాసి పైన తడిగుడ్డ కప్పింది. కోడలు వచ్చింది. ఆమె గడప దాటగానే గోడ మీది కుర్చీ నిండింది. "వచ్చావా నాయనా" అంది కర్టెన్లమ్మ, మామూలుకన్నా చిన్న గొంతుతో. మాస్టారు వచ్చాడు, గుండీల కొట్టావిడ వచ్చి ఎవరి మొహంలోకీ చూడకుండా బిస్కెట్ల పళ్ళెం దగ్గర కూర్చుంది. అందరి తర్వాత తాళాలాయన వచ్చాడు. చొక్కా మడతలు కత్తుల్లా ఉన్నాయి. కోడలు ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎక్కడ కూర్చోమంటారు?" అని అడిగాడతను.

కర్టెన్లమ్మ కుర్చీ చూపించింది. "అదిగో, అందులో."

మాస్టారి చేతిలో బ్రెడ్డు ముక్క నోటిదాకా వెళ్ళకుండా ఆగిపోయింది. తాళాలాయనకి ఆ నీడ సంగతి తెలుసు, ఊళ్ళో ఎవరికి తెలియదు కనక. ఏ కుర్చీ అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. వెళ్ళి కూర్చున్నాడు. గోడ మీద రెండు నీడలు కలిసిపోయి, రెండు తలలతో ఒక ముద్ద అయింది. అందరూ గోడనే చూస్తున్నారని గమనించి అతను తల తిప్పాడు. చూశాడు. అతని మొహం పాలిపోయింది గానీ, గబుక్కున లేవలేదు. తలలు విడిగా కనపడేలా కుర్చీలో ఒక అంచుకి జరిగి, రెండో మనిషికి చోటిచ్చినట్టు ఒదిగి కూర్చున్నాడు.

"ఇది వారి చోటు కదమ్మా. నన్నెందుకు కూర్చోబెట్టారు?" అన్నాడు.

"వాడేం చేస్తాడో చూద్దామని" అంది కర్టెన్లమ్మ. ఆవిడకి అబద్ధం రాలేదు.

కోడలు ట్రే బల్ల మీద పెట్టింది. కప్పులు గలగలమన్నాయి. "ఏమిటిది అత్తయ్యా? మీకెవరు చెప్పారు? కుదరదని నేను ఆయనకి అప్పుడే చెప్పేశాను! ఆయన్ని పిలిచి ఇలా కూర్చోబెట్టడం ఏం మర్యాద?"

"నువ్వు చెప్పింది నా కోసం. నీ కోసం ఏం చెప్తావో ఇంతవరకూ నన్ను విననివ్వలేదు."

"అత్తయ్యా..."

"నీకిష్టమేనా కాదా? ఒక్క మాట చెప్పు. మనవాళ్ళే ఇక్కడున్నది. వాడూ ఉన్నాడు, వాడి ముందే చెప్పు."

కోడలు గోడకేసి చూసింది, తర్వాత నేలకేసి చూసింది. అరగదీసిన అద్దం పొడి ఇంకా ఆమె వేళ్ళ మీద తెల్లగా ఉంది. "ఇష్టమే" అంది. "కానీ నేను వెళ్తే మీకు..."

"నా సంగతి తర్వాత."

కర్టెన్లమ్మ కొడుకు వైపు తిరిగింది. ఏం అనబోతోందో ఆవిడకీ తెలియదు. ఇంతసేపూ మనసు మూల దాక్కున్న ఆశ ఇదే అదను అన్నట్టు గొంతుదాకా వచ్చింది. ఆవిడ దాన్ని మింగేసింది.

"నాయనా, దీన్ని వదిలెయ్యి" అంది. "నా దగ్గర ఉండమని నేనడగను. నీకిష్టమైన చోటికి పో. కానీ దీని వెంట పోకు. ఇంకొకళ్ళ ఇంటి గోడ మీద కూర్చుని దీని కాపురం చూడకు. అది నీకు మర్యాద కాదు, దానికి సుఖం కాదు. నువ్వు మంచి మొగుడివి. మంచి మొగుడిలాగే వెళ్ళిపో."

చెప్పడం అయితే అయింది గానీ, చివరి మాట దగ్గర ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోడ మీద నీడ కాలు మీది కాలు కిందికి దించింది. లేచింది. ఇన్నేళ్ళలో అది లేవడం ఎవరూ చూడలేదు. అబ్బాయి అంత పొడుగు మనిషన్న సంగతే అందరూ మర్చిపోయారు. నీడ గోడ వెంబడి నడిచింది, క్యాలెండరు మీంచి, అలమర మీంచి, తలుపు మీంచి. కోడలి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెంప మీద కాసేపు చల్లగా నిలబడింది. ఆమె కళ్ళు మూసుకుంది. ఎవరినైనా 'వెళ్ళి రండి' అనే కదా సాగనంపుతాం. ఆమెకీ అదే నోటిదాకా వచ్చింది. ఆపుకుని, "వెళ్ళండి" అంది.

నీడ గోడ దిగి నేల మీదికి పాకింది. చాప దాటింది. కర్టెన్లమ్మ కూర్చున్న పీట దగ్గరికి వచ్చి, ఆవిడ పాదాల దగ్గర, ఆవిడ సొంత నీడ మొదలయ్యే చోట కనపడకుండా పోయింది. గోడ మీద కుర్చీ ఉంది, అందులో ఒదిగి కూర్చున్న తాళాలాయన ఉన్నాడు, అంతే.

మాస్టారు చేతిలోని బ్రెడ్డు ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "టీ చల్లారిపోతోందమ్మా" అన్నాడు. గుండీల కొట్టావిడ ముక్కు చీదుకుని, కప్పులందించడం మొదలుపెట్టింది. తాళాలాయన చేతికి కప్పు కోడలే ఇచ్చింది. ఇస్తున్నప్పుడు సాసర్లో కొంచెం ఒలికింది, అతను ఆ ఒలికింది కూడా తాగేశాడు. పెళ్ళి ఎప్పుడన్న మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేకపోయింది.

అందరూ బయల్దేరారు. వాళ్ళని సాగనంపడానికి లేవబోయిన కర్టెన్లమ్మ మళ్ళీ పీట మీద కూలబడింది. ఒళ్ళు ఉన్నట్టుండి బరువెక్కింది. జ్వరం బరువు కాదు, ముసలితనం బరువూ కాదు. బరువంతా పొట్ట కిందికి దిగి, నడుముని వెనక్కి లాగుతోంది.

కోడలు పరుగున వచ్చింది. "ఏమైంది అత్తయ్యా? కళ్ళు తిరుగుతున్నాయా?"

కర్టెన్లమ్మ రెండు చేతులూ పొట్ట మీద ఆనించుకుంది. ఆ బరువుని కాసేపు అలాగే పట్టి చూసుకుంది. తర్వాత ఆవిడ మొహం మెల్లిగా మారింది.

"ఏం లేదమ్మాయ్" అంది. "కాస్త ఆ చెయ్యి ఇయ్యి. వీధి చివర దాకా నేనూ వస్తాను."

"ఇంత ఎండలో మీరా?"

"నేనే."

కోడలి చెయ్యి పట్టుకుని లేచింది. ఒక చెయ్యి నడుం మీద ఆనించుకుని, పాదాలు కొంచెం ఎడంగా వేసుకుంటూ, తొందరపడకుండా గడప దాటింది. ఒకప్పుడు నెలల తరబడి మోసిన బరువే అది. దాంతో ఎలా నడవాలో ఆవిడకి తెలుసు.