గోడల ముందు ఫోటో

సర్కారు ఇల్లు కావాలంటే ఆడమనిషి పేరు మీదే ఇస్తారు. పునాదికోసారి, గోడలకోసారి, స్లాబుకోసారి ఆమె ఇంటి ముందు నిలబడి ఫోటో దిగాలి. బాగానే ఉంది. మధ్యలో ఆమె చచ్చిపోతే ఏం చెయ్యాలో మాత్రం ఆ రూలు రాసిన పెద్దమనుషుల్లో ఒక్కడికీ తట్టలేదు.

లాలి తల్లి చాంది అట్లాగే పోయింది. ఉన్న గుడిసె పీకించి, పునాది ఫోటో దిగి, గోడలు లేస్తుండగా హోళీ వెళ్లిన వారానికి జ్వరంతో కన్నుమూసింది. గోడల ఫోటో పైకి వెళ్తేనే స్లాబుకు సిమెంటు, ఇనుము వస్తాయి. వానలకు ముందు అవి రాకపోతే దగ్గుతో ఎగపోసే తండ్రి పూల్‌సింగ్‌ను ఎక్కడ పడుకోబెట్టాలన్నదే లాలి దిగులు.

మరణ సర్టిఫికెట్ పట్టుకుని రెండు నెలలు మండల ఆఫీసు చుట్టూ తిరిగింది. పేరు మార్చడం కుదరదు, ఈ ఫైలు మూసి కొత్త దరఖాస్తు పెట్టుకోమన్నారు. కొత్తవి ఎప్పుడు తీసుకుంటారో తెలియదన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు తలెత్తి చూసినవాడు లేడు.

చివరికి ఇళ్లు తనిఖీ చేసే వర్క్ ఇన్‌స్పెక్టర్ అనిల్‌కుమార్ మెడలో కెమెరాతో తండాకు వచ్చాడు.

"మీ అమ్మ బట్టలున్నయ్ గదా? ఆ అద్దాల లంగా కట్టుకో. మీ ముసలోళ్లు మగోళ్ల ముందర ముసుగేసుకుంటరు గదా, గట్లనే ఏసుకొని నిలబడు. మొహం ఎవడు జూస్తడు?" అని, పెద్ద మేలు చేస్తున్నవాడిలా నవ్వాడు.

లాలి వద్దనబోయింది. కానీ గోడల వెనక తండ్రి దగ్గుతున్నాడు. పెట్టె తీసి ఆ బట్టలు కట్టుకుంది. ముసుగులో అమ్మ తలనూనె వాసన ఇంకా ఉంది. బయటికొచ్చిన కూతుర్ని పూల్‌సింగ్ ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"కొంచెం వంగు. ముసలిదాని లెక్క కనపడాలె."

వంగింది.

"గా సర్టిఫికెట్ చింపెయ్. స్లాబు బిల్లు అయినంక చచ్చిపోయినట్టు ఇంకోటి రాయించుకోవచ్చు, నేను జెప్తలే."

లాలి ముసుగు లాగేసింది.

"మా అమ్మ ఒక్కసారే సచ్చింది సార్. మీ బిల్లు కోసం మళ్ల సంపాల్నా? నేను లాలిని. గిట్లనే తియ్."

"పిచ్చా ఏంది నీకు? ఇల్లు పోతది."

"తియ్ సార్."

అతను తియ్యలేదు. కెమెరాకు మూత పెట్టి బండెక్కాడు. లాలి అతను నిలబడ్డ చోట తుపుక్కున ఉమ్మేసింది. తండ్రి తిడతాడనుకుంది. ఆయన కొడవలి అందుకున్నాడు.

"తాటాకు తెద్దాం పా బిడ్డా."

సిమెంటు గోడల మీద తాటాకు కప్పు వేసుకున్నారు. తొలి వానకే అది కారింది.

శ్రావణంలో ఆగిపోయిన ఇళ్ల జాబితాను మండల ఆఫీసు గోడకు అంటించారు. పదో తరగతి దాకా చదివిన లాలి వేలు పెట్టి వెతికితే చాంది పేరు దొరికింది. ఎందుకు ఆగిందో పక్కనే నీటుగా టైపు చేసి ఉంది: "ఇల్లు కట్టుకోవడానికి లబ్ధిదారుకు ఆసక్తి లేదు."