కణానికి తడిగుడ్డ

కూతురు ఫోన్ ఎత్తకపోతే తల్లి కళ్లకి కట్టేది ఆసుపత్రి మంచమే. ఆ మధ్యాహ్నమూ అంతే. భోజనం డబ్బా చంకన పెట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఏకంగా ల్యాబులోకే వచ్చిపడింది.

కూతురు చీకటిగదిలో మైక్రోస్కోపు ముందు శుభ్రంగా ఆవలిస్తోంది.

"ఫోన్ మోగితే బల్ల అదురుతుందమ్మా. బయట పెట్టా."

తెర మీద పరిచిన దుప్పటిలా ఒక కణం. ఒళ్లంతా పచ్చటి చుక్కలు.

"అయ్యో, దీనికి తట్టు పోసిందేమే!"

"కాదమ్మా, కాసేపు వేడి పెట్టా. వేడికి లోపలి ప్రోటీన్లు మడత చెడి ముద్దకట్టాయి, అవే చుక్కలు. ఇప్పుడా కణం వాటిని సరిచేసుకోవాలి, బాగుపడనివి పారేయాలి. అదే వీడియో తీస్తున్నా. పోయినసారి అన్నీ చచ్చాయి. ఈసారీ చస్తే నా పేపరు సంగతి మర్చిపొమ్మన్నాడు మా గైడు."

"జ్వరం తెప్పించి వీడియో తీస్తావా? నిన్నిలాగే పెంచానా?"

"తినొస్తా. దేన్నీ ముట్టుకోకు."

కూతురు వెళ్లగానే తల్లి, మైక్రోస్కోపు మీద కణాలున్న గాజుపెట్టెని చేత్తో తాకింది. వెచ్చగా ఉంది. జ్వరమే, సందేహం లేదు. ముట్టుకోవద్దంది గానీ గుడ్డ వెయ్యొద్దనలేదుగా! చేతిరుమాలు తడిపి, పిండి, పెట్టె మీద పరిచింది.

కాసేపటికి తెరంతా మసకబారింది. కణం మాయం.

చంపేశాను, అనుకుంది తల్లి. పేపరు పోయె, చదువు పోయె, పిల్ల తిండి మానేస్తుంది, చిక్కిపోతుంది, చివరికి మళ్లీ ఆ ఆసుపత్రి మంచమే.

"అమ్మా! ఏంటిది!" కూతురు పరుగున వచ్చి రుమాలు లాగేసి, ఒక మర తిప్పింది. బొమ్మ తేలింది. చుక్కలు దాదాపు లేవు. కణం తాపీగా కదులుతోంది.

"బతికుందా?"

"నిక్షేపంలా ఉంది. పెట్టె ఎప్పుడూ ఒంటి వెచ్చదనంతో ఉండాలి, చల్లబడి ఫోకస్ తప్పింది, అంతే. చుక్కల్ని అదే కడిగేసుకుంది."

"తడిగుడ్డకి తగ్గింది కదూ?"

"గుడ్డకి కాదు! అసలు కడుక్కునే ఘట్టమంతా వీడియోలో మబ్బే. ఇంకో గిన్నెలో కణాలున్నాయి, మళ్లీ వేడి పెట్టాలి. ఈ మబ్బేంటని గైడు అడిగితే ఏం చెప్పను?"

"అమ్మొచ్చిందని చెప్పు. ఆయనకీ ఓ అమ్మ ఉండే ఉంటుంది."

కూతురు పళ్లు నూరుతూనే నవ్వేసి, రెండో గిన్నె పెట్టింది. తల్లి తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"కాస్త తక్కువ వేడి పెట్టవే, పాపం."