వెండిరేకు కవరు

రంగులవాడు జైలు నుంచి ఇంటికొచ్చేసరికి ఎడమ చీలమండ మీద నల్లటి పట్టీ బిగించి ఉంది. కేసు తేలేదాకా అది కాలికి ఉండాల్సిందే. ఎక్కడ తిరిగినా దాని సిగ్నల్‌తో పోలీసాఫీసులో తెరమీద కనబడతాడు. ఇల్లు, పని, ఈ రెండు చోట్లే తిరగాలి.

"దీనికేమన్నా అయిందో, మళ్ళీ లోపలికే అన్నాడు ఆఫీసరు," అని పెళ్ళాంతో చెప్పాడు.

ఆమెకు ఆ మాట గుండెల్లో దిగబడింది. ఇదివరకు పనిచేసిన షెడ్డులో బట్ట పోతే ఇతని మీదికి నెట్టారు. విచారణ మొదలవకుండానే చలికాలమంతా లోపల గడిచింది. మనిషి సగమై వచ్చాడు.

కొత్త అద్దకం షెడ్డులో ఇద్దరికీ పని దొరికింది. అతను మోకాళ్ళ లోతు తొట్టిలో దిగి నూలు తొక్కుతాడు, ఆమె ఆరేస్తుంది.

"బావా, సర్కారు నీకు పట్టీ చేయించింది సరే. రెండో కాలిది ఎప్పుడు?" అన్నాడు పక్క తొట్టిలోని పొడుగోడు.

"నీ కాళ్ళు బోసిగానే ఉన్నాయిగా. అడిగి చూడు, ఇస్తారు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఘాటు మందులు కలిపిన ఆ రంగునీళ్ళకు ఇనప గొలుసులే తినేసినట్టవుతాయి. ఈ పట్టీ ఏపాటిది?

రంగుపొడి వెండిరేకు కవర్లలో వస్తుంది. గడియారమైనా అగ్గిపెట్టైనా షెడ్డులో అందరూ అందులోనే చుట్టి దాచుకుంటారు. చుక్క నీరు దూరదు. మర్నాడు పొద్దున్నే ఆమె మంచి కవరొకటి ఏరి, మొగుడి కాలు ఒళ్ళో పెట్టుకుని, పట్టీ చుట్టూ గట్టిగా చుట్టి దారంతో కట్టింది.

"చంటిపిల్లకి గుడ్డ చుట్టినట్టు ఏంటే ఇది?"

"నోరు మూసుకుని దిగు."

మధ్యాహ్నం జీపు వచ్చింది.

"పొద్దుట్నుంచీ తెరమీద లేవు. ఫోనూ ఎత్తవు," అన్నాడు ఆఫీసరు. ఫోను మేకుకు తగిలించిన చొక్కాలో ఉంది. మర మోతలో ఎవరికీ వినబడలేదు.

ఆఫీసరు వంగి కాలు చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"రేకు చుడితే సిగ్నల్ చచ్చిపోతుంది. పారిపోయేవాళ్ళు చేసే పని ఇది."

"అయ్యో బాబూ, నీళ్ళు తగలకూడదని..." ఆమె ముందుకొచ్చింది.

"నీళ్ళకి దానికేం కాదమ్మా. అయితే చుట్టింది నువ్వా? నీమీద కూడా కేసు రాయాల్సొస్తుంది."

ఆమె ఔననబోయింది.

"నేనే చుట్టుకున్నా సార్," అన్నాడు రంగులవాడు తొట్టిలోంచే. "నా పెళ్ళానికి ముడి వెయ్యడమే చేతకాదు."

ఆఫీసరు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. బట్ట తను ఎత్తుకుపోలేదని చలికాలమంతా మొత్తుకుంటే చెవిన పెట్టినవాడు లేడు. ఈ మాట మాత్రం నిలబడ్డపాటున నమ్మేశారు. రంగు కారుతున్న కాళ్ళతోనే జీపెక్కించారు.

చుట్టింది తనేనని ఆమె అరవలేదు. అరిస్తే అతని అబద్ధం చెడుతుంది. తడి నూలు చేతుల్లో పట్టుకుని, పళ్ళు బిగబట్టి నిలబడింది.