గడియారం తాత చొక్కా చెయ్యి

పొద్దున ఎనిమిది కొట్టేదాకా ఆ కింది గది ఇల్లు, కొట్టాక ఆఫీసు. పెద్ద తేడా ఏమీ లేదు. బల్ల మీది టీ గ్లాసులు తీసి సింకులో పడేస్తే ఆఫీసు, మళ్ళీ తెచ్చి పెడితే ఇల్లు. ఆ బల్ల చుట్టూ నలుగురు కూచుని తొమ్మిదేళ్ళుగా ఒకటే పని చేస్తున్నారు: నెలకో వీధిని జాంబీలకి మేత వెయ్యడం.

కథ రాసేది అన్న. బొమ్మ గీసేది పెన్సిలయ్య. ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో అనుమానమే. పెన్సిలు గీతల మీద సిరా వేసేది అన్న చెల్లెలు, అందుకే ఆమె అందరికీ సిరమ్మ. చివరాఖర్న బుడగల్లో మాటలు రాసేది వదిన. "మీ ముగ్గురూ మూగవాళ్ళని చేసి నా మీదికి తోస్తారు, నోరిచ్చేది నేను" అంటుంది ఆవిడ. ఆ మాటకొస్తే ఆ ఇంట్లో నోరు ఎవరిదన్న సంగతి వీధందరికీ తెలుసు.

ఆ బొమ్మల కథల పుస్తకం పేరు 'మిగిలినవాళ్ళు'. నూట పన్నెండు సంచికలొచ్చాయి. చూడ్డానికి రక్తం ఏరులై పారుతుంది గానీ, లోపలంతా బడి గంటలంత పద్ధతి. "ఇప్పుడే వస్తా" అని వెళ్ళినవాడు రాకూడదు. జేబులోంచి పెళ్ళాం ఫోటో తీసి చూపించాడంటే పాపం, నాలుగు పేజీల్లో వాడి పని అయిపోయినట్టే. తలుపు దగ్గర మొదటిసారి చప్పుడైతే పిల్లి, రెండోసారైతే పిల్లి కాదు. అన్నిటికన్నా గొప్ప నియమం కాటుది. కాటు పడ్డవాడు నాలుగో పేజీలో చొక్కా చెయ్యి కిందికి లాక్కుని మచ్చ దాచేసుకోవాలి, పద్దెనిమిదో పేజీలో అది బయటపడాలి. ఆ మధ్యలో పాఠకుడు గోళ్ళు కొరుక్కుంటూ కూచోవాలి. అన్న ఇల్లు గడిచేది ఆ గోళ్ళ మీదే.

నూట పదమూడో సంచికలో కాటు గడియారం తాతకి పడింది. ఆయన కథ మొదట్నించీ ఉన్న ముసలాయన, గడియారాలు బాగుచేసేవాడు. సోమవారం నాడు సిరమ్మ నాలుగో పేజీ తీసుకుని, మణికట్టు దాకా చొక్కా చెయ్యి దింపి, బొత్తాం కూడా పెట్టింది.

మంగళవారం పొద్దున చూస్తే, చెయ్యి మోచేతి దాకా పైకి మడిచి ఉంది. పళ్ళ గాటు కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

"ఏం ముసలాడండీ ఈయన!" అంది వదిన. "పేజీ పాడు చేశాడు."

పెన్సిలయ్య కళ్ళద్దాలు పైకి తోసి కాగితం మీదికి వంగాడు. "మడతలు చూశారా? నాకన్నా బాగా వేసుకున్నాడు. నేను మోచెయ్యి దగ్గర ఎప్పుడూ తడబడతాను."

"మడతల్ని తరవాత మెచ్చుకోవచ్చు. గురువారం ఆరింటికి ప్రెస్సువాడొస్తాడు" అన్నాడు అన్న. "అమ్మడూ, తెల్లరంగు కొట్టి మళ్ళీ దింపెయ్."

సిరమ్మ తెల్లరంగు కొట్టింది. ఆరేదాకా కూచోలేక గదిలో నాలుగు చుట్లు తిరిగింది. కిటికీ తీసింది, వేసింది. సిరా బుడ్డి మూత బిగించింది, మళ్ళీ విప్పింది.

"ఏమిటే, కాలు కాలిన పిల్లిలా?" అన్నాడు అన్న తలెత్తకుండానే.

"ఆరడం లేదు" అంది.

ఆరకపోవడం అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అది కాదు. సిరా పనిలో బొటనవేలూ చూపుడువేలూ కుంచె పట్టుకుంటే, చిటికెనవేలు కాగితాన్ని ఆనుకుని ఉంటుంది. గీత ఆరిందో లేదో చెప్పేది ఆ వేలే. రెండు నెలల నించీ సిరమ్మ చిటికెనవేలు ఏమీ చెప్పడం లేదు. తడి మీద పడి ఈడ్చుకుపోయినా దానికి తెలీదు. పేజీల మీద మరకలు పడితే, "జాంబీలున్న ఊరు కదా, మురికిగా ఉంటేనే బావుంటుంది" అని సర్దేసింది. అందరూ బాగుందన్నారు కూడా. ఒకరోజు వేడి టీ గ్లాసు పట్టుకుంది. బొబ్బ లేచాక గానీ కాలినట్టు తెలియలేదు.

ఆ బొబ్బ చూసుకుంటుంటేనే కనబడింది, మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన నాణెమంత పాలిపోయిన మచ్చ. గిల్లి చూసింది. ఎవరి చెయ్యో గిల్లినట్టుంది. బస్టాపు గోడ మీద అలాంటి మచ్చ బొమ్మే ఉంది, స్పర్శ లేని మచ్చని అశ్రద్ధ చెయ్యకండి అని, కింద జబ్బు పేరు కూడా వేసి. ఆ పేరు చదివిన రోజు నించీ ఆమె ఎక్కడికెళ్ళినా, తిరుగు బస్సు ఒక స్టాపు ముందే దిగి ఇంటికి నడిచొస్తోంది. సిరా పడుతుందని పనిలో ఎప్పుడూ అన్న పాత పొడుగు చేతుల చొక్కా వేసుకుంటుంది కాబట్టి, దాచడానికి వేరే కష్టపడక్కర్లేకపోయింది. తన గ్లాసు మాత్రం వేరుగా పెట్టుకుంది. రోజూ వదినకి జడ వేసేది, అదీ మానేసింది.

"నా తలలో పేలేమైనా కనబడ్డాయా తల్లీ?" అని వదిన రెండుసార్లు అడిగి, మూడోసారి అడగలేదు. ఆవిడ అడగడం మానేసిందంటే బాగా కష్టం వేసిందన్నమాట.

బుధవారం పొద్దునకి చెయ్యి మళ్ళీ పైకుంది. ఈసారి ఆరో పేజీలోనూ, ఏడో పేజీలోనూ. సిరమ్మ పళ్ళు బిగించి, గీతలూ మడతలూ లేకుండా చొక్కా మొత్తం నల్లగా పూసి పారేసింది. రంగు పెచ్చులు కట్టి కాగితం అట్టలా అయిపోయింది.

"అన్నయ్యా, ఆయన దాచుకోకపోతే ఏమవుతుంది?" అంది పూస్తూనే, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"ఏమవుతుందే? మిగతావాళ్ళు బయటికి గెంటి తలుపేస్తారు. ఐదో పేజీకి కథ అయిపోతుంది. మిగతా పదిహేడు పేజీలూ నేనేం చెయ్యను, సంగీతం పాడనా?"

"గెంటకపోతే?"

"పాఠకుడు ఒప్పుకోడు. కాటు పడ్డవాణ్ణి ఇంట్లో పెట్టుకుంటారా ఎవరైనా? అందుకేగా దాస్తారు!"

"తేలు కుట్టిన దొంగల్లే" అంది వదిన, బుడగలో 'అయ్యో' అని రాస్తూ.

ఆ పూట సిరమ్మ సిరా వేసింది తొమ్మిదో పేజీలో జాంబీల గుంపుకి. ఒకదానికి వేళ్ళు సగమే ఉన్నాయి, ఇంకోదానికి ముక్కు లేదు. తొమ్మిదేళ్ళుగా అలాంటివి వందలకొద్దీ నింపింది, ఏనాడూ చెయ్యి తడబడలేదు. ఆ రోజు మాత్రం ఆ మొండి వేళ్ళ దగ్గర ఆగిపోయింది. వీళ్ళెవరో ముందు మనుషులే కదా, వీళ్ళకీ ఒక వదిన ఉండే ఉంటుంది కదా అనుకుంది. అనుకుని, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది. మళ్ళీ లేచింది. రోజంతా కుర్చీలో కుదురుగా పావుగంట కూచుంటే ఒట్టు.

గురువారం పొద్దున నలుగురూ బల్ల చుట్టూ నిలబడ్డారు. నాలుగో పేజీ నించి పద్దెనిమిదో పేజీ దాకా, గడియారం తాత ఎక్కడుంటే అక్కడ చొక్కా చెయ్యి పైకి మడిచే ఉంది. నల్లరంగు పెచ్చు ఒక్కటి లేదు. కొన్ని బొమ్మల్లో అయితే చెయ్యి ముందుకి చాపి, పక్కవాళ్ళకి చూపిస్తున్నాడు కూడా. పక్కవాళ్ళు మాత్రం పెన్సిలయ్య గీసినట్టే ఎటో చూస్తున్నారు.

"మొండి ఘటం" అన్నాడు పెన్సిలయ్య, కొంచెం గౌరవంగానే.

అన్న గడ్డం గోక్కున్నాడు. గడియారం చూశాడు. "సరే. చూపిస్తానంటే చూపించనీ. గెంటేద్దాం. ఐదో పేజీ మార్చెయ్: తలుపు తీస్తారు, ముసలాణ్ణి తోస్తారు, తలుపు వేస్తారు. మిగతా పేజీల్లో ఆయన బొమ్మల మీద తెల్లరంగు కొట్టి జాంబీల్ని నింపండి. సాయంత్రానికి అయిపోతుంది."

పెన్సిలయ్య చెయ్యి గాలికన్నా వేగం. ఇరవై నిమిషాల్లో పేజీ గీసేశాడు. గుమ్మం, గుమ్మంలో తాత, ఆయన వీపు మీద ఆరు చేతులు. కాగితం సిరమ్మ ముందుకి జరిపాడు.

ఆమె కుంచె ముంచింది. ఒక బొట్టు బుడ్డి అంచుకి రాసి వదిలించింది. మళ్ళీ ముంచింది. మొదటి చెయ్యి మీద ఆన్చబోయి, ఆన్చలేదు.

"నేను వెయ్యను" అంది.

"ఏం?"

"ఈ చేతులు నేను వెయ్యను అన్నయ్యా."

"టైమెంతయిందో చూశావా? ఇప్పుడా నీ..."

సిరమ్మ కుంచె పక్కన పెట్టి, బొత్తాం విప్పి, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచింది. చెయ్యి బల్ల మీద పెట్టింది. మచ్చ ఇప్పుడు నాణెం కాదు, అరచేతిలో సగం ఉంది.

"రెండు నెలలైంది. గిల్లితే తెలీదు. చిటికెనవేలు కూడా పోయింది" అంది. "బస్టాపు గోడ మీద రాసుందే, అదేనేమో. అది కుష్ఠు."

పెన్సిలు చెక్కుతున్న పెన్సిలయ్య చెక్కుతూనే ఉండిపోయి, ములుకు కూడా చెక్కి పారేశాడు. అన్న చెల్లెలి చేతి వంక చూశాడు, గుమ్మంలో తాత బొమ్మ వంక చూశాడు.

వదిన లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చింది. మచ్చ మీద బొటనవేలు పెట్టి రుద్దింది, మరక పోతుందేమో అన్నట్టు.

"నొప్పుందా?"

"ఉంటే బావుండు."

"అందుకా నీకు వేరే గ్లాసు? అందుకా నా జడ?" వదిన గొంతు లేచింది. "రెండు నెలలు నేను నిన్ను తిట్టుకున్నానే! నిద్ర మానుకుని మరీ తిట్టుకున్నాను! ముందే చెప్పి చస్తే నాకా పాపం ఉండేదా?"

"గెంటేస్తారేమోనని" అంది సిరమ్మ.

"ఎవరు గెంటేది?" అని వదిన మొగుడి వంక చూసింది. ఆయన ఐదో పేజీని మెల్లిగా తిరగేసి బోర్లా పెట్టాడు.

"వాళ్ళేం చెయ్యాలో... కొంచెం ఆలోచించాలి" అన్నాడు, కథ గురించే చెబుతున్నాడో మరి దేని గురించో.

"వాళ్ళని ఆలోచించుకోనీండి. ఈలోగా మేం వెళ్ళొస్తాం" అంది వదిన, చెప్పులు తొడుక్కుంటూ. "పదవే."

చర్మవ్యాధుల ఆసుపత్రిలో వరస పెద్దదే. సిరమ్మ ఒక బెంచీ మీద కూచోలేక మూడు బెంచీలు మారింది. వదిన వెనకాలే మూడూ మారింది. డాక్టరమ్మ పొట్టిగా, గబగబా మాట్లాడే మనిషి. కళ్ళు మూసుకోమని, దూదితో చెయ్యంతా తాకుతూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. మోచేతి దగ్గర నరం పట్టుకుని చూసింది. వీపు మీద సిరమ్మకే తెలియని ఇంకో రెండు మచ్చలు కనిపెట్టింది.

"మీరనుకున్నదే" అంది డాక్టరమ్మ. "మాత్రలున్నాయి, ఏడాది వాడాలి. మానకుండా వాడితే పోతుంది. నరానికి వేరే మందిస్తాను. ఇంకో ఆరు నెలలు దాచుకుని ఉంటే ఈ వేలు ముడుచుకుపోయేది, తరవాత పక్క వేలు. ఇప్పుడు నిలబడుతుంది. మొత్తం స్పర్శ వస్తుందని మాత్రం మాటివ్వను."

"ఇంట్లోవాళ్ళు?" అని అడిగింది సిరమ్మ.

"వాళ్ళనీ ఒకసారి తీసుకురండి, చూస్తాను. మందు మొదలుపెట్టాక మీ నించి భయం లేదు. ఒకటే ఇల్లు, ఒకటే గ్లాసు, మామూలే."

"విన్నావా?" అంది వదిన.

నెల మొదటి మోతాదు అక్కడే, వాళ్ళ ముందే మింగాలట. వదిన గ్లాసు అందించింది, సిరమ్మ మింగింది. బల్ల దగ్గర కార్డు రాసే ఆయన ఊరూ వయసూ రాసుకుని, "పనేమిటి?" అన్నాడు.

"బొమ్మలకి సిరా వేస్తాను."

"ఇకమీద కూడానా?"

సిరమ్మ తన చేతి వంక చూసుకుంది, డాక్టరమ్మ గది తలుపు వంక చూసింది.

"ఇకమీద కూడా. రాసుకోండి" అంది.

బయట ఎండ దంచేస్తోంది. వదిన చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్నట్టే నడిపిస్తోంది. "త్వరగా, ఆరింటికి ప్రెస్సువాడు. నువ్వు లేకపోతే అక్కడ ఒక్క గీత కూడా నల్లబడదు."

"ఐదో పేజీలో ఏం చేస్తారంటావు వదినా?"

"నాకేం తెలుసు? మీ అన్న బుర్ర." నాలుగడుగులు వేసి వదిన ఆగింది. "ఏమైనా చేసుకోనీ. తాతని మాత్రం గెంటారో, ఆ వెధవల నోట్లో ఒక్క ముక్క రాయను. బుడగలు తెల్లగానే వెళ్తాయి ప్రెస్సుకి."