అధ్యక్షుడిగారి రేడియేటర్

తోకియే మోచేతి దాకా చెయ్యి ముంచి, కూరగాయలు ఊరేసిన తవుడు కుండ కలుపుతోంది. ఆగస్టులో ఒక్కపూట మానేసినా ఊరగాయ పులిసి కంపు కొడుతుంది. అడుగునున్న వంకాయల్ని పైకి తీస్తుంటే భర్త మోరిహికో గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమేవ్, ఎవరడిగినా నీకేం తెలీదు. సరేనా?"

"ఏం తెలీదండీ నాకు?"

"అదే... రేడియేటర్ సంగతి."

"ఓహో, నల్లరంగు పూసుకున్న ఆ అల్యూమినియం ముక్కా? నాకెలా తెలుస్తుంది! రంగు డబ్బా పట్టుకు నిలబడిందే నేను."

మోరిహికో కుమమోతో పట్నంలో పాతకార్ల సంఘానికి పదకొండేళ్లుగా అధ్యక్షుడు. అరవై తొమ్మిదిలో తయారైన తన తెల్లకారులో ఆనాటిది కాని బోల్టు ఒక్కటి చూపించమని సవాలు చేసేవాడు. ఏటా ఆగస్టులో సంఘమంతా వరుసకట్టి అసో కొండ ఎక్కుతుంది. మూడో మలుపుకే ఆ కారు కుతకుతలాడేది. ఇంజను వేడి కాస్తయినా దిగాలంటే లోపలి హీటరు పూర్తిగా తిప్పాలి. అలా ఏడేళ్లుగా తోకియే మండుటెండలో మెడకు తడితువ్వాలు చుట్టుకుని, మోకాళ్లకు హీటరు గాలి కొట్టించుకుంటూ కొండెక్కుతోంది. "ఓర్చుకోవే, ఇది చరిత్ర" అనేవాడు మోరిహికో, తన వైపు గాలి గొట్టం మూసుకుంటూ.

రెండేళ్ల కిందట నిషిముత అనే సభ్యుడు, భార్య హమాయెకు వడదెబ్బ తగిలిందని, తన కారుకు కరెంటు ఫ్యాను బిగించుకున్నాడు. మోరిహికో అతన్ని అందరిముందూ నిలబెట్టి, "ఫ్యాను కావాలంటే ఇంట్లో కూర్చో" అని సంఘంలోంచి తీసేశాడు. హమాయె, తోకియే ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. ఆనాటి నుంచీ హమాయె బజారులో కనబడితే మర్యాదగా తల వంచి, పక్క సందులోకి తిరిగిపోతోంది.

కిందటేడు అధ్యక్షుడి కారే కొండదారి మధ్యలో ఆవిరి కక్కింది. వెనక పద్నాలుగు కార్లు ఆగి చూశాయి. భార్య ఏడేళ్లు ఉడికినా రాని జ్ఞానం ఆ పూటే వచ్చేసింది. ఈ ఏటి యాత్ర దగ్గరపడగానే పాత ఇత్తడి రేడియేటర్ అటకెక్కింది. కొత్తది వచ్చింది, కొత్త నీటిపంపు వచ్చింది, ముందు జాలీ వెనక చాటుగా రెండు కరెంటు ఫ్యాన్లూ వచ్చాయి.

నోరు మెదపకుండా ఉండటానికి తోకియే అడిగింది ఒక్కటే.

"నిషిముతగారిని మళ్లీ సంఘంలోకి పిలుస్తానన్నారు. ఇవాళే, అందరి ముందూ."

"చెప్తానన్నానుగా!"

"బయల్దేరకముందే చెప్పండి. కొండ దిగాక మీకు మతిమరుపు వస్తుంది."

ఎనిమిదింటికి సభ్యులంతా ఇంటి ముందుకు వచ్చారు. సంఘం ఆచారం ప్రకారం ముందుగా అధ్యక్షుడు బానెట్ ఎత్తి ఇంజను నడిపిస్తాడు. అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, గుళ్లోలా వంగి చూస్తారు.

"అబ్బ, ఇత్తడి ఇత్తడే అధ్యక్షా!" అన్నాడు కార్యదర్శి హిగాషి. "ఆ నలుపు చూడండి, యాభై ఏళ్ల నలుపు!"

ఎనిమిది రోజుల నలుపు అనుకుంటూ తోకియే చల్లటి బార్లీ టీ అందించింది.

మోరిహికో ప్రసంగం ఎత్తుకున్నాడు. ఇంజను అలా నడుస్తూనే ఉంది. "పాతదాన్ని పాతగా ఉంచడమే మర్యాద. సుఖం కావాల్సినవాడు బస్సెక్కాలి." ఇరవై నిమిషాలయ్యాక భార్యవైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "ఇంకొక్క మాట. మన నిషిముత..."

"వాడుండాల్సింది ఇది వినడానికి!" అన్నాడు హిగాషి. అందరూ గొల్లుమన్నారు. మోరిహికో కూడా నవ్వాడు. నవ్వేసి, ఆ మాట అక్కడే వదిలేసి, తాళంచెవి తిప్పి ఇంజను ఆపాడు.

వీధి నిశ్శబ్దమైంది. బానెట్ కింద మాత్రం బుర్రుమని ఏదో తిరుగుతూనే ఉంది. ఫ్యాన్లు ఇంజనుతోపాటు ఆగాలా, చల్లారేదాకా తిరగాలా అని మెకానిక్ అడిగినప్పుడు "ఏది ఎక్కువ చల్లబరిస్తే అది" అన్న పెద్దమనిషి మోరిహికోనే.

"అదేం చప్పుడు అధ్యక్షా?"

"కీచురాళ్లు."

హిగాషి జాలీలోకి తొంగిచూశాడు. "వీటికి ప్లాస్టిక్ రెక్కలున్నాయే!"

మోరిహికో చెవుల దాకా ఎర్రబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. టీ పళ్లెంతో భార్య కనబడింది.

"మా ఆవిడ... ఎండ పడదని, నాకు తెలీకుండా మెకానిక్ చేత పెట్టించినట్టుంది. ఆడవాళ్లకు చరిత్రేం తెలుస్తుంది!"

పద్నాలుగుమందీ ఊపిరి పీల్చుకున్నారు. అధ్యక్షుడి పరువు దక్కింది.

"ఇదేం పని వదినగారూ!" అన్నాడు హిగాషి.

అందరూ ఆమె తల వంచడం కోసం చూస్తున్నారు. తప్పు ఇంట్లో ఎవరిదైనా, వంగే నడుము ఆమెదే కదా. మోరిహికో దగ్గరికొచ్చి గొణిగాడు. "క్షమించమని ఒక్క ముక్క అనవే, అయిపోతుంది."

"నిషిముతగారి సంగతి?"

"ఇప్పుడా? ఇప్పుడతన్ని పిలిస్తే నా గురించి ఏమనుకుంటారు!"

తోకియే లోపలికెళ్లింది. సిద్ధమవుతోంది కాబోలని మోరిహికో ఆమె వైపు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. గుమ్మం దగ్గర కూర్చుని, తీరిగ్గా చెప్పులు తొడుక్కుంది. తెరిచి ఉన్న తలుపు పక్కనుంచి, వరుసగా నిలబడ్డ పద్నాలుగుమంది ముందునుంచి నడిచి, తల వంచకుండా నిషిముతల వీధివైపు వెళ్లిపోయింది.