అమీర్‌పేట బావి నీళ్లు

కావడి దించేటప్పుడు నర్సింహులు కుడి మోకాలు కటుక్కుమంది. అరుగు మీద కూర్చున్న పంతులమ్మ నవోమి అది విననే లేదు. చెంబు పట్టుకుని బిందెలకేసి చూస్తోంది.

మిషను బడిలో ముప్ఫై ఏళ్లు చదువు చెప్పి మానుకున్న మనిషి. పంజగుట్టలో పెంకుటిల్లు. ఒళ్లొచ్చి, నాలుగడుగులేస్తే ఆయాసం. దవాఖాన డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది: బువ్వ తగ్గించు, నడువు, తినేముందు రెండు చెంబుల నీళ్లు తాగు. పంతులమ్మకు నచ్చింది మూడోదే. అయితే ఏ నీళ్లంటే ఆ నీళ్లా? అమీర్‌పేట బావి నీళ్లకు రాళ్లు తిన్నా అరుగుతాయని చుట్టుపక్కల వాడుక. అవే కావాలంది. పొద్దునొక కావడి, మాపటికొక కావడి, మైలున్నర దూరం.

మొదటి నెల నర్సింహులు నమ్మకంగానే మోశాడు. ఉగాది ముందు మోకాలు వాచింది. ఆముదం రాశాడు, ఆకు కట్టాడు. లాభం లేకపోయింది. నడవలేనంటే బోరబండ నుంచి ఇంకొకడి కావడి ఆ వాకిట్లో దిగుతుంది. యాభై దాటిన కావడివాడికి కొత్త గడప దొరకదు. ఉగాది తెల్లారి గుట్ట కింది బావిలో నీళ్లు చేదుకున్నాడు. అమీర్‌పేట పోయొచ్చేంత సేపు వేపచెట్టు కింద కూర్చుని, అప్పుడు తెచ్చి దించాడు.

ఆ పొద్దు పంతులమ్మ ఒక గుక్క తాగి ఆగింది.

"ఎండలు ముదురుతున్నయి గద, ఊట తగ్గి రుచి మారింది," అని తనే అనేసి మళ్లీ చెంబెత్తింది. అబద్ధమాడే పని కూడా అతనికి మిగలలేదు.

నెలన్నర గడిచింది. నీళ్లకే కడుపు నిండి ఆమె సగం బువ్వే తింటోంది. గాజులు వదులయ్యాయి. మెట్టెక్కితే ఇదివరకటి రొప్పు లేదు.

"నర్సింహులూ, మొన్న ఆదివారం గుడిల నిలబడి సాక్ష్యం చెప్పిన. అమీర్‌పేట బాయి నీళ్లతోటి దేవుడు నా పానం నిలబెట్టిండని. పాస్టరయ్య సుత ఆమెన్ అన్నడు. రేపు నీతోటి వస్త. బాయికాడనే తాగుత."

"ఎందుకమ్మ? తొవ్వంత రాళ్లు. మీతోటి కాదు."

"గా నీళ్లే నడిపిస్తయి తియ్యి."

తెల్లారి ఇద్దరూ బయల్దేరారు. ఖాళీ కావడి కూడా అతనికి బరువుగానే ఉంది. ఆమె కూర్చున్న ప్రతి బండ దగ్గరా అతనూ ఆగాడు. చెప్పేద్దామనుకున్నాడు. ప్రతిసారీ ఆమే ముందు లేచింది. జర్మనీ లడాయి జరుగుతున్న రోజులు, బేగంపేట వైపు విమానమొకటి దిగుతుంటే ఆ చప్పుడు చాటున రెండు మాటలు నోటిదాకా వచ్చి వెనక్కి పోయాయి.

బావి దగ్గర నీళ్లు చేదుతున్న వజ్రమ్మ అతన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓ నర్సింహులు! ఉగాదికాడికెల్లి పత్తా లేవు! సచ్చినవనుకున్నం. దినాలకన్న పిలువకపోతివి!"

నర్సింహులు తల వంచుకుని చేద వదిలాడు. ఆ గట్టు మీదికి కిరస్తానీలను రానివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. పంతులమ్మ కింద నిలబడి దోసిలి పట్టింది. అతను పైనుంచి పోశాడు. రెండు గుక్కలు తాగి ఆమె దోసిలి విడిచేసింది.

"ఇవి మొదటి నెల నీళ్లు," అంది మెల్లగా. "ఎండలింక ముదిరినయి గద. ఊట తగ్గాలె గద, నర్సింహులూ."

"మోకాలు వశం తప్పిందమ్మ. గుట్ట కింది బాయి నీళ్లు తెచ్చి పోసిన. ఇంకొకన్ని పెట్టుకోండ్రి."

పంతులమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"దేవుని ముంగట నిలబడి చెప్పిన. నిన్ను తీసేస్తే నేను చెప్పింది నిజమైతదా?"

ఖాళీ బిందెలతోనే తిరుగుదారి పట్టారు. ఎండ నెత్తికెక్కింది. గుట్ట కింది బావి రాగానే ఆమె వెళ్లి గట్టు మీద కూలబడింది. ఇక్కడ ఎవరికీ పట్టింపు లేదు.

"గిదేనా?"

"గిదే."

"పోయొచ్చేటంత సేపు ఏం జేస్తుంటివి?"

వేపచెట్టు చూపించాడు నర్సింహులు. "గాడ కూసుంటుంటి."

"దినాం రెండుసార్లు?"

"రెండుసార్లు."

"గంతసేపు దొంగలెక్క కూసునుడు సుత కష్టమే పో." నవ్వబోయింది, ఆయాసం అడ్డమొచ్చింది. "చేద ఎయ్యి మరి. దూపైతుంది."

అతను పోశాడు. ఈసారి దోసిలి విడవకుండా తాగింది.

"వచ్చే ఆదివారం మళ్ల నిలబడాలె. పాస్టరయ్య ఏమంటడో."

"నన్ను రమ్మంటే వస్తనమ్మ."

"నువ్వొచ్చి ఏం జేస్తవ్? చెప్పింది నేను. రేపటికెల్లి గీ నీళ్లే తే. చెట్టు కింద కూసోకు, సీదా రా."

నర్సింహులు బిందెలు నింపి కావడి భుజానికెత్తాడు. మోకాలు కటుక్కుమంది.

"నిమ్మలంగ," అంది పంతులమ్మ.